డార్డానస్, గాందారా నౌకల మునక

డార్డానస్, గాందారా అనేవి రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బంగాళాఖాతంలో మునిగిపోయిన రెండు బ్రిటిష్ సరకు రవాణా ఆవిరి ఓడలు. 1942 ఏప్రిల్ 5న జపాను విమానాల దాడిలో డార్డానస్ దెబ్బతిన్నది. గాందారా దానికి మోకు కట్టి రేవుకు చేర్చే ప్రయత్నం చేసింది. మరునాడు, అనగా ఏప్రిల్ 6న, జపాను నౌకాదళానికి చెందిన మికుమా, మోగామి అనే భారీ క్రూయిజర్లు, అమాగిరి అనే డిస్ట్రాయరు ఈ రెండు ఓడలను కోనసీమ తీరానికి ఎదురుగా ముంచివేశాయి. కాకినాడ, విశాఖపట్నం పట్టణాలపై జపాను విమానాలు బాంబులు వేసినది కూడా ఆ రోజే. ఆ ఒక్క రోజున బంగాళాఖాతంలో 20 సరకు ఓడలు మునిగిపోయాయి. గోదావరి, కృష్ణా డెల్టాలకు సమీపంలో జరిగిన ఈ సంఘటన తరువాత తూర్పు తీరపు సముద్ర రవాణా కొంతకాలం స్తంభించింది.

సంక్షిప్త వివరాలు

డార్డానస్
యజమాని: ఆల్‌ఫ్రెడ్ హోల్ట్ కంపెనీ (బ్లూ ఫనెల్ లైను), లివర్‌పూల్
నిర్మాణం: 1923
స్థూల టన్నేజీ: 7,726

గాందారా
యజమాని: బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ
నిర్మాణం: 1919
స్థూల టన్నేజీ: 5,281

మునిగిన తేదీ: 1942 ఏప్రిల్ 6
మునిగిన స్థలం: సుమారు 16° ఉత్తర అక్షాంశం, 82° 20' తూర్పు రేఖాంశం

ఓడలు, వాటి యజమానులు

డార్డానస్

డార్డానస్ ఓడ లివర్‌పూల్ నగరానికి చెందిన ఆల్‌ఫ్రెడ్ హోల్ట్ కంపెనీది. ఈ కంపెనీ ఓడల పొగగొట్టాలకు నీలిరంగు వేసేవారు. అందువలన దీనికి బ్లూ ఫనెల్ లైను అనే పేరు స్థిరపడింది. 1860లలో ఆరంభమైన ఈ సంస్థ ఇంగ్లండు నుండి చైనా, మలయా, తూర్పు ఇండియా దీవులకు సరకులు చేరవేసేది. ఓడలకు గ్రీకు పురాణాలలోని పేర్లు పెట్టడం కంపెనీ ఆనవాయితీ. ట్రాయ్ రాజవంశానికి మూలపురుషుడుగా గ్రీకు గాథలు చెప్పే వ్యక్తి పేరు డార్డానస్. ఇదే కంపెనీకి చెందిన ఆటోలికస్ అనే ఓడ కూడా అదే రోజున, అదే బంగాళాఖాతంలో, ఒడిషా తీరానికి దగ్గరలో మునిగిపోయింది.

గాందారా

గాందారా ఓడ బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీకి చెందినది. 1856లో కలకత్తా–బర్మా మధ్య ఓడలు నడపడానికి వేరొక పేరుతో స్థాపించబడిన ఈ సంస్థ 1862లో బ్రిటిష్ ఇండియా అనే పేరు స్వీకరించింది. 1914లో పి అండ్ ఓ సంస్థలో భాగమయింది. ఆంధ్ర తీరవాసులకు ఈ కంపెనీ బాగా తెలిసినదే. విశాఖపట్నం, కాకినాడ తదితర రేవుల నుండి కూలి పనుల కొరకు రంగం (రంగూన్) వెళ్ళే వేలాది తెలుగువారు ఈ కంపెనీ ఓడలలోనే ప్రయాణం చేసేవారు. బర్మాలోని తెలుగువారికి కోరంగి రేవు పేరు మీదుగా "కోరంగీలు" అనే పేరు వచ్చింది.

గాందారా ప్రయాణికుల ఓడ కాదు, సరకు ఓడ. కంపెనీలో "గ" అక్షరంతో పేర్లు మొదలయ్యే సరకు ఓడల వరుసలో ఇది ఒకటి. 1941లో అట్లాంటిక్ సముద్రంలో వెండి కడ్డీలతో మునిగిపోయి, దశాబ్దాల తరువాత ఆ వెండిని వెలికి తీసినందున ప్రసిద్ధి చెందిన గేర్‌సొప్పా కూడా ఈ వరుసలోనిదే.

టన్నేజీ అంటే

ఇక్కడ పేర్కొన్న స్థూల టన్నేజీ ఓడ బరువు కాదు. అది ఓడలో మూసి ఉన్న మొత్తం స్థలానికి కొలత. 100 ఘనపుటడుగుల స్థలాన్ని, అనగా సుమారు 2.83 ఘనపు మీటర్లను, ఒక టన్నుగా లెక్కిస్తారు. యుద్ధంలో వాణిజ్య నౌకల నష్టాన్ని ఈ కొలతలోనే చెప్పడం పరిపాటి.

యుద్ధకాలంలో సరకు ఓడల స్థితి

1939 సెప్టెంబరులో యుద్ధం మొదలైన తరువాత బ్రిటిష్ వాణిజ్య నౌకలు క్రమంగా ప్రభుత్వ అజమాయిషీలోకి వచ్చాయి. 1941 మే నెలలో యుద్ధ రవాణా మంత్రిత్వశాఖ ఏర్పడింది. ఏ ఓడ ఏ సరకు ఎత్తాలి, ఏ దారిన పోవాలి అనే విషయాలు ప్రభుత్వమే నిర్ణయించేది. ఓడ యాజమాన్యం, నావికుల నియామకం మాత్రం కంపెనీల చేతిలో ఉండేవి. నావికులు సైనికులు కారు, కాని సైనికులు ఎదుర్కొనే అపాయమే వారికీ ఉండేది.

చాలా సరకు ఓడలకు వెనుక భాగాన ఒక ఫిరంగి, విమానాలపై కాల్చడానికి కొన్ని మెషీన్ గన్‌లు అమర్చేవారు. ఈ ఆయుధాలు జలాంతర్గామిని భయపెట్టడానికి కొంత పనికి వచ్చేవి. భారీ క్రూయిజరు ఎదురైతే వాటి వలన ప్రయోజనం శూన్యం. మికుమా, మోగామి క్రూయిజర్లకు ఒక్కొక్కదానికి 203 మిల్లీమీటర్ల ఫిరంగులు 10 ఉండేవి. వాటి వేగం గంటకు సుమారు 35 నాట్లు (దాదాపు 65 కిలోమీటర్లు). ఆ కాలపు సాధారణ సరకు ఓడ వేగం గంటకు 10 నుండి 14 నాట్లు మాత్రమే. కనుక ఒకసారి కంటబడిన తరువాత సరకు ఓడకు తప్పించుకొనే దారి ఉండేది కాదు. సరకు ఓడలకు నిజమైన రక్షణ రెండే విధాలుగా లభించేది. ఒకటి, వెంట యుద్ధనౌకలు కాపలా రావడం. రెండు, శత్రువు ఎక్కడున్నాడో ముందుగా తెలియడం. 1942 ఏప్రిల్ మొదటి వారంలో బంగాళాఖాతంలోని ఓడలకు ఈ రెండూ లేకపోయాయి.

నేపథ్యం

1941 డిసెంబరులో జపాను యుద్ధంలో దిగింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు, మార్చి 8న రంగూన్ జపాను వశమయ్యాయి. మార్చి 23న జపాను సేనలు అండమాన్ దీవులలో దిగాయి. దీనితో బంగాళాఖాతపు తూర్పు అంచు అంతా జపాను చేతిలోకి వెళ్ళింది. అప్పటివరకు భారతదేశానికి వెనుక వాకిలి వంటిదైన ఈ సముద్రం యుద్ధరంగమయింది.

బ్రిటిష్ తూర్పు నౌకాదళానికి అడ్మిరల్ జేమ్స్ సోమర్‌విల్ అధిపతి. ఈ దళం సింహళం (శ్రీలంక)కు దక్షిణంగా ఉండి, మాల్దీవులలోని అడ్డూ పగడపు దీవిలో గల రహస్య స్థావరాన్ని ఉపయోగించుకొనేది. జపాను అడ్మిరల్ నగుమో చూయిచి నాయకత్వాన అయిదు పెద్ద విమానవాహక నౌకలు సింహళం వైపు వస్తున్నాయని ఏప్రిల్ 4న ఒక గస్తీ విమానం కనిపెట్టింది. మరునాడు, ఈస్టరు ఆదివారం నాడు, నగుమో విమానాలు కొలంబోపై దాడి చేశాయి. అదే రోజు డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు బ్రిటిష్ క్రూయిజర్లను ముంచివేశాయి. అందరి దృష్టీ సింహళం మీదనే ఉండగా బంగాళాఖాతపు ఉత్తర భాగం రక్షణ లేకుండా మిగిలిపోయింది.

ఆ సమయంలో కలకత్తా రేవులో ఓడలు కిక్కిరిసి ఉండేవి. బర్మా పతనం తరువాత కలకత్తాపై విమాన దాడి జరుగుతుందనే భయం పెరిగింది. రేవులో ఒకేచోట గుమికూడిన ఓడలు దాడికి సులువుగా దొరుకుతాయి. అందువలన వాటిని చిన్న చిన్న గుంపులుగా, కాపలా నౌకలు లేకుండానే, సముద్రంలోకి పంపివేశారు. రేవులోని అపాయం నుండి తప్పించడానికి పంపిన ఓడలు సముద్రంలో అంతకన్న పెద్ద అపాయంలో చిక్కుకున్నాయి.

ఒజావా దళం

బంగాళాఖాతంలో వాణిజ్య నౌకలను వేటాడే పని జపాను వైస్ అడ్మిరల్ ఒజావా జిసాబురోకు అప్పగించబడింది. ఆయన దళంలో ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక, చోకాయ్, కుమానో, సుజుయా, మికుమా, మోగామి అనే అయిదు భారీ క్రూయిజర్లు, యురా అనే తేలికపాటి క్రూయిజరు, కొన్ని డిస్ట్రాయర్లు ఉన్నాయి. ఈ దళం ఏప్రిల్ 1న బర్మా దక్షిణ తీరంలోని మెర్గుయ్ నుండి బయలుదేరింది.

ఏప్రిల్ 5 తరువాత ఒజావా తన దళాన్ని మూడు భాగాలు చేశాడు.

ఉత్తర దళం: కుమానో, సుజుయా క్రూయిజర్లు, షిరకుమో డిస్ట్రాయరు. ఇవి ఒడిషా తీరం వైపు వెళ్ళాయి.
మధ్య దళం: చోకాయ్, యురా, విమానవాహక నౌక ర్యూజో, వాటి వెంట డిస్ట్రాయర్లు. ఇవి విశాఖపట్నం, కాకినాడల ఎదుటి సముద్రాన్ని ఎంచుకున్నాయి.
దక్షిణ దళం: మికుమా, మోగామి క్రూయిజర్లు, అమాగిరి డిస్ట్రాయరు. ఇవి గోదావరి ముఖద్వారాలకు దక్షిణంగా ఉన్న సముద్రంలో ప్రవేశించాయి.

ఈ విధంగా ఒడిషా నుండి కృష్ణా డెల్టా వరకు గల తీరమార్గం మొత్తం ఒకేసారి వల వేసినట్లు అయింది.

దాడి

ఏప్రిల్ 5

దళం మూడుగా విడిపోక ముందే ర్యూజో విమానాలు సముద్రంపై వెదకడం మొదలుపెట్టాయి. ఏప్రిల్ 5న వాటి బాంబులకు డార్డానస్ దెబ్బతిన్నది. ఓడ మునగలేదు గాని, తనంతట తాను ప్రయాణం సాగించే స్థితిలో లేదు. ఆ పరిసరాలలో ఉన్న గాందారా దానిని సమీపించి, మోకు కట్టి లాగడం ఆరంభించింది.

ఒక సరకు ఓడ మరొక సరకు ఓడను లాగడం సులువైన పని కాదు. లాగే ఓడ ఇంజను రెండు ఓడల భారాన్ని మోయాలి. వేగం గంటకు కొద్ది నాట్లకు పడిపోతుంది. మోకు తెగకుండా ఉండటానికి చుక్కానిని అతి జాగ్రత్తగా తిప్పాలి. విమానాలను, టార్పెడోలను తప్పించుకోవడానికి ఓడలు సాధారణంగా మెలికలు తిరుగుతూ ప్రయాణిస్తాయి. మోకు కట్టిన ఓడలకు ఆ వీలు ఉండదు. శత్రు విమానాలు తిరుగుతున్న సముద్రంలో గాందారా ఈ పనికి పూనుకోవడం వలన తన క్షేమాన్ని కూడా పణంగా పెట్టినట్లయింది. డార్డానస్ గాందారా కన్న పరిమాణంలో దాదాపు ఒకటిన్నర రెట్లు పెద్దది.

ఏప్రిల్ 6

మరునాడు మికుమా, మోగామి, అమాగిరి ఈ రెండు ఓడలను చేరుకున్నాయి. ఫిరంగులు, టార్పెడోలతో రెండింటినీ ముంచివేశాయి. గాందారా నావికులలో కొందరు ప్రాణాలు కోల్పోయారు.

దక్షిణ దళం ఇంతటితో ఆగలేదు. డాగ్‌ఫ్రెడ్, హెర్మోడ్ అనే రెండు నార్వే మోటారు ఓడలను కూడా ఆ రోజే ముంచివేసింది. నార్వేను 1940లో జర్మనీ ఆక్రమించుకున్నది. ఆ తరువాత విదేశీ జలాలలో ఉన్న నార్వే వాణిజ్య నౌకలు ప్రవాస ప్రభుత్వం కింద మిత్రరాజ్యాల కొరకు పనిచేశాయి. ఆ విధంగా ఈ ఓడలు బంగాళాఖాతంలోకి వచ్చాయి.

మునిగిన స్థలం

పైన ఇచ్చిన అక్షాంశ రేఖాంశాల ప్రకారం ఈ స్థలం కాకినాడకు దక్షిణంగా సుమారు 105 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. కోనసీమ తీరం నుండి సుమారు 60 కిలోమీటర్లు, గోదావరి వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే అంతర్వేది నుండి సుమారు 75 కిలోమీటర్లు ఉంటుంది. కొల్లేరు సరస్సు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు ముఖద్వారం నుండి చూస్తే ఆగ్నేయంగా సుమారు 100 కిలోమీటర్లు. సముద్రంలో అప్పుడు గుర్తించిన స్థానాలు ఉజ్జాయింపుగా ఉంటాయి కాబట్టి ఈ దూరాలను కూడా అలాగే గ్రహించాలి.

కృష్ణా, గోదావరి ముఖద్వారాల ఎదుట తీరపు మెరక ఇరుకుగా ఉండి, కొద్ది దూరంలోనే సముద్రం చాలా లోతవుతుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు కృష్ణా–గోదావరి బేసిన్ అని పిలిచే ఈ ప్రాంతంలోనే తరువాతి కాలంలో సహజవాయు నిక్షేపాలు బయటపడ్డాయి. 2009 నుండి ఇక్కడి లోతు సముద్రపు బావుల నుండి వాయువు ఉత్పత్తి మొదలయింది.

అదే రోజు మునిగిన ఇతర ఓడలు

ఏప్రిల్ 6న మునిగిన 20 ఓడలలో బ్రిటిష్, అమెరికన్, డచ్చి, నార్వే ఓడలు ఉన్నాయి. ఉత్తర దళం ముంచిన వాటిలో సిల్క్స్‌వర్త్, ఆటోలికస్, మాల్డా, షిన్‌కువాంగ్ అనే బ్రిటిష్ ఓడలు, ఎక్స్‌మూర్ అనే అమెరికన్ ఓడ ఉన్నాయి. వీటిలో మాల్డా కూడా గాందారా యజమాని అయిన బ్రిటిష్ ఇండియా కంపెనీదే.

మధ్య దళం చేతిలో మునిగిన వాటిలో బియెన్‌విల్, సెల్మా సిటీ అనే అమెరికన్ ఓడలు, వాన్ డెర్ కపెలెన్ అనే డచ్చి ఓడ ముఖ్యమైనవి. సెల్మా సిటీ నావికులు ప్రాణాలతో విశాఖపట్నం చేరుకున్నారు. బియెన్‌విల్ నావికులలో చాలామంది మరణించారు.

ఈ దండయాత్ర మొత్తంలో ఒజావా దళం బంగాళాఖాతంలో ముంచిన ఓడలు 23. వాటి స్థూల టన్నేజీ 1,12,312. ఇదే సమయంలో జపాను జలాంతర్గాములు భారతదేశపు పశ్చిమ తీరంలో మరి అయిదు ఓడలను ముంచాయి. ఒజావా నౌకలు ఏప్రిల్ 11 నాటికి సింగపూరు చేరుకున్నాయి. వాటిలో ఒక్కటి కూడా మునగలేదు.

తీరప్రాంతంపై ప్రభావం

కాకినాడ, విశాఖపట్నం

ఏప్రిల్ 6న ర్యూజో విమానాలు కాకినాడ, విశాఖపట్నం రేవులపై బాంబులు వేశాయి. ఆస్తి నష్టం పరిమితమే అయినా, ప్రజలలో కలిగిన భీతి చాలా ఎక్కువ. విశాఖపట్నం వాసులు పెద్ద సంఖ్యలో ఊరు విడిచి లోతట్టు గ్రామాలకు వెళ్ళిపోయారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరు నుండి గుంటూరుకు తరలించబడి, యుద్ధం ముగిసిన తరువాత తిరిగి వచ్చింది. 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా నౌకా నిర్మాణ కేంద్రం పనులు కూడా దెబ్బతిన్నాయి. అక్కడ తయారైన మొదటి ఓడ జల ఉష 1948 మార్చి 14న, స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, జవహర్‌లాల్ నెహ్రూ చేతుల మీదుగా జలప్రవేశం చేసింది. మద్రాసు నగరం నుండి కూడా 1942 ఏప్రిల్‌లో ప్రజలు భారీగా తరలిపోయారు.

రవాణా

నౌకల మునక తరువాత తూర్పు తీరంలో వాణిజ్య నౌకల రాకపోకలు కొన్ని వారాలు నిలిచిపోయాయి. దీని ప్రభావం రేవులకే పరిమితం కాలేదు. యుద్ధానికి ముందు బెంగాల్ బొగ్గు కలకత్తా నుండి ఓడలలో మద్రాసు, బొంబాయిలకు వెళ్ళేది. సముద్రమార్గం మూతపడటంతో ఆ భారం రైలు మార్గాలపై పడింది. కలకత్తా–మద్రాసు ప్రధాన రైలుమార్గం వాల్తేరు వరకు బెంగాల్ నాగపూర్ రైల్వే, అక్కడి నుండి మద్రాసు వరకు మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే అధీనంలో ఉండేది. రాజమండ్రి, నిడదవోలు, తాడేపల్లిగూడెం, ఏలూరు, బెజవాడ స్టేషన్లు ఈ మార్గంలోనివే. రాజమండ్రి వద్ద గోదావరిని దాటడానికి 1900లో ప్రారంభమైన హేవలాక్ వంతెన ఒక్కటే ఉండేది. ఆ వంతెనపై ఒకే రైలు పట్టా ఉండేది. సైనికులు, ఆయుధాలు, బొగ్గు, ధాన్యం అన్నీ ఆ ఒక్క పట్టా మీదుగానే పోవలసి వచ్చింది.

ఈ ప్రాంతంలో రైలుకు తోడుగా కాలువల దారి ఉండేది. ధవళేశ్వరం ఆనకట్ట నుండి వచ్చే గోదావరి కాలువ, బెజవాడ ఆనకట్ట నుండి వచ్చే కృష్ణా కాలువ ఏలూరు వద్ద కలుస్తాయి. కాకినాడ కాలువ, ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువల మీదుగా సముద్రంలోకి దిగకుండానే కాకినాడ నుండి మద్రాసు వరకు పడవలు వెళ్ళే వీలు ఉండేది. 2008లో భారత ప్రభుత్వం ఈ మార్గాన్ని 4వ జాతీయ జలమార్గంలో భాగంగా ప్రకటించింది.

తాడేపల్లిగూడెం విమానాశ్రయం

జపాను దాడి భయం ఉన్న కాలంలో తూర్పు తీరం వెంట పలుచోట్ల విమానాలు దిగే మైదానాలు నిర్మించారు. తాడేపల్లిగూడెంలోని విమానాశ్రయం ఈ కోవకు చెందినదే. దీని రన్‌వే పొడవు సుమారు 2 కిలోమీటర్లు. యుద్ధం తరువాత ఇక్కడ క్రమబద్ధమైన విమాన సర్వీసులు నడవలేదు. 2015లో తాడేపల్లిగూడెంలో స్థాపించబడిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థకు ఈ విమానాశ్రయ భూముల ప్రాంతంలోనే ప్రాంగణం ఏర్పడింది. పశ్చిమ గోదావరి జిల్లాలో ఆ యుద్ధకాలానికి మిగిలిన ప్రధానమైన ఆనవాలు ఈ రన్‌వే.

బియ్యం

బర్మా జపాను వశం కావడంతో అక్కడి నుండి వచ్చే బియ్యం ఆగిపోయింది. బంగాళాఖాతంలో ఓడలు తిరగకపోవడంతో ఒక ప్రాంతపు ధాన్యాన్ని మరొక ప్రాంతానికి చేర్చడం మరింత కష్టమయింది. శత్రువుకు దక్కకూడదనే ఉద్దేశంతో బెంగాల్ తీర జిల్లాలలో ప్రభుత్వం 1942లో పడవలను, ధాన్యాన్ని స్వాధీనం చేసుకున్నది. తుఫాను, ధరల పెరుగుదల, ప్రభుత్వ వైఫల్యం కూడా తోడై 1943లో బెంగాల్ కరువు సంభవించింది. అందులో సుమారు 30 లక్షల మంది మరణించారని అంచనా. ఈ కరువుకు ఓడల మునక ఒక్కటే కారణం కాదు. అయితే సముద్ర రవాణా దెబ్బతినడం దానికి దారితీసిన పరిస్థితులలో ఒకటి.

నావికులు

బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడలలో అధికారులు సాధారణంగా బ్రిటిష్ వారు. మిగిలిన నావికులు, ఇంజను గదిలో బొగ్గు వేసేవారు, వంటవారు భారతీయులు. వీరిని లష్కర్లు అనేవారు. సిల్హెట్, చిట్టగాంగ్, నవఖాలి, కొంకణ తీరం, గోవా ప్రాంతాల నుండి వీరు ఎక్కువగా వచ్చేవారు. వీరి పెద్దను సారంగు అని పిలిచేవారు. గోదావరి లాంచీలు నడిపేవారికి తెలుగులో ఉన్న సరంగు అనే పేరు ఈ మాటే. బ్లూ ఫనెల్ కంపెనీ ఓడలలో చైనా నావికులు ఎక్కువగా పనిచేసేవారు.

భారతీయ నావికులకు ఇచ్చే జీతం అదే పని చేసే బ్రిటిష్ నావికుల జీతంలో చిన్న భాగం మాత్రమే. 1939లో యుద్ధం ఆరంభం కాగానే అనేక ఓడలలో భారతీయ నావికులు జీతాల పెంపు కొరకు సమ్మె చేశారు. ఇంజను గదులు నీటిమట్టానికి దిగువన ఉండేవి కనుక టార్పెడో తగిలినప్పుడు తప్పించుకొనే అవకాశం అక్కడివారికి అన్నిటికన్నా తక్కువ. అక్కడ పనిచేసేవారిలో అత్యధికులు లష్కర్లే.

బ్రిటిష్ వాణిజ్య నావికుల పేర్లు లండనులోని టవర్ హిల్ స్మారకంపై చెక్కబడ్డాయి. యుద్ధంలో మరణించిన అవిభక్త భారతదేశపు నావికుల పేర్లు, వాణిజ్య నావికులవి కూడా, ఒక గ్రంథంలో నమోదయ్యాయి. దాని ప్రతులు చిట్టగాంగ్‌లోను, ముంబయిలోను ఉన్నాయి. ఆ గ్రంథంలో ఆరు వేలకు పైగా పేర్లు ఉన్నాయి.

దాడి చేసిన నౌకల తరువాతి చరిత్ర

మికుమా: 1942 జూన్ 6న మిడ్వే యుద్ధంలో అమెరికా విమానాల దాడిలో మునిగింది. డార్డానస్, గాందారా మునిగి అప్పటికి సరిగ్గా రెండు నెలలు.
మోగామి: మిడ్వేలో మికుమాతో ఢీకొని, ఆపై విమాన దాడికి గురై తీవ్రంగా దెబ్బతిన్నది. 1944 అక్టోబరు 25న ఫిలిప్పీన్స్‌లోని సురిగావో జలసంధి యుద్ధంలో మునిగింది.
అమాగిరి: 1943 ఆగస్టు 2న సాలమన్ దీవులలో ఒక అమెరికన్ టార్పెడో పడవను ఢీకొని రెండు ముక్కలు చేసింది. ఆ పడవ నాయకుడు తరువాత అమెరికా అధ్యక్షుడైన జాన్ ఎఫ్. కెన్నెడీ. 1944 ఏప్రిల్‌లో అమాగిరి మకాసర్ జలసంధిలో మందుపాతర తగిలి మునిగింది.
ర్యూజో: 1942 ఆగస్టు 24న తూర్పు సాలమన్ దీవుల యుద్ధంలో మునిగింది.
చోకాయ్: 1944 అక్టోబరు 25న ఫిలిప్పీన్స్ సముద్రంలో మునిగింది.

ప్రాముఖ్యత

ఈ దండయాత్ర తరువాత జపాను నౌకాదళం అంత పెద్ద సంఖ్యలో బంగాళాఖాతంలోకి మరల రాలేదు. మిడ్వే ఓటమి తరువాత దాని శక్తి అంతా పసిఫిక్ మహాసముద్రానికే మళ్ళింది. అందువలన 1942 ఏప్రిల్ 6 సంఘటనను సింహళంపై జరిగిన దాడులకు అనుబంధంగా మాత్రమే చరిత్రకారులు తరచుగా ప్రస్తావిస్తారు. ఆంధ్ర తీరంలో కూడా విశాఖపట్నం, కాకినాడలపై పడిన బాంబులు జ్ఞాపకం ఉన్నంతగా సముద్రంలో మునిగిన ఓడలు జ్ఞాపకం లేవు. అయితే ప్రాణనష్టం, ఆస్తినష్టం ఎక్కువగా జరిగినది సముద్రంలోనే. యుద్ధనౌకల రక్షణ లేకుండా ప్రయాణించిన సరకు ఓడలు ఆ దాడి భారాన్ని భరించాయి. వాటిలో గాందారా, దెబ్బతిన్న మరొక ఓడను విడిచిపెట్టక, దానికి మోకు కట్టి లాగుతున్న ప్రయాణంలోనే మునిగిపోయింది.

ఇవి కూడా చూడండి

రెండవ ప్రపంచ యుద్ధం
విశాఖపట్నం ఓడరేవు
కాకినాడ
తాడేపల్లిగూడెం
ఏలూరు కాలువ
కోరంగి
హిందుస్థాన్ షిప్‌యార్డు